హెచ్‌పీ బంకు, హెచ్‌పీ గ్యాస్, హెచ్‌పీ రిఫైనరీ: కొనేవాళ్ళుగానే కాదు, సొంతదారులుగా కూడా ఒక రివ్యూ

మా ఇంట్లో వంట హెచ్‌పీ గ్యాస్ మీద, నా స్కూటర్ నడిచేది హెచ్‌పీ పెట్రోలు మీద, మేముండేది ఆ కంపెనీ రిఫైనరీ ఉన్న విశాఖపట్నంలో. అందుకే హిందుస్థాన్ పెట్రోలియం గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది. ఆన్‌లైన్‌లో బంకుల కింద కనిపించే రివ్యూలన్నీ గాలి మెషీన్ పనిచేయట్లేదు, స్టాఫ్ మర్యాదగా ఉన్నారు, క్యూ ఎక్కువగా ఉంది అన్నచోట ఆగిపోతాయి. అవీ కావాలి, నేనూ రాస్తాను. కానీ ఇది ఎవరో సేఠు పెట్టుకున్న షాపు కాదు, 1974లో పార్లమెంటు చట్టం చేసి మరీ జనం పేరున తీసుకున్న కంపెనీ. అందుకే దీనికి నేను మార్కులు వేసేటప్పుడు డబ్బులిచ్చి కొనే మనిషిగా ఒకసారి, ఇది మనది అనుకునే మనిషిగా ఇంకోసారి చూస్తాను. రెండోది మనం బొత్తిగా మానేశామని నా బాధ.

ముందు బంకు సంగతి. సిటీలో నేను మామూలుగా వెళ్ళే హెచ్‌పీ బంకు బావుంటుంది. అడక్కుండానే "జీరో చూసుకోండి మేడమ్" అంటారు, అన్నాకే గన్ను నొక్కుతారు. గాలికి డబ్బులడగరు. లేడీస్ బాత్‌రూమ్‌కి తాళం వేసి తాళంచెవి ఓనరు దగ్గరుందని చెప్పే అలవాటు అక్కడ లేదు, ఈ ఒక్క కారణం చాలు నేను రెండు సిగ్నళ్ళు దాటి మరీ అక్కడికి వెళ్ళడానికి. చాలామందికి తెలీని విషయం ఏంటంటే, ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలత క్యాన్ ఉండాలి, అనుమానం ఉంటే ఎవరైనా అడగొచ్చు, మన కళ్ళముందే పోసి చూపించాలి. ఫిల్టర్ పేపరు కూడా అడగొచ్చు, దానిమీద ఒక చుక్క పెట్రోలు వేస్తే ఆవిరైపోయి మరక మిగలకూడదు.

నేను డెన్సిటీ కూడా చూపించమని అడిగాను. మేనేజరు విసుక్కోలేదు. గాజు జాడీలో పెట్రోలు పోసి, హైడ్రోమీటరు మెల్లగా వదిలి, అది ఊగడం ఆగేదాకా ఉండి రీడింగ్ చూశాడు, పక్కనే థర్మామీటరు పెట్టి వేడి ఎంతుందో చూశాడు, తర్వాత నలిగిపోయిన ఒక పట్టిక పుస్తకం తీసి ఆ అంకెని 15 డిగ్రీల లెక్కకి మార్చి, ఆ రోజు ట్యాంకర్‌తో వచ్చిన కాగితం మీద ఉన్న అంకె పక్కన వేలు పెట్టి చూపించాడు. రెండింటికీ మధ్య తేడా 3 పాయింట్లు దాటకూడదు. దాటితే దారిలో ఏదో కలిసిందని అర్థం. ఆ పని అంతా చేసి "రోజూ పొద్దున్నే చేస్తామండి, ఎవరూ చూడరు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. హైవే మీద ఇంకో బంకులో, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, కొలత క్యాన్ అడిగితే "సార్ లేరు, బీరువాలో ఉంది" అన్నారు. అలా అన్నారంటే అక్కడ పోయించుకోకండి, అంతే.

ఇంకో మాట, ఫలానా కంపెనీ పెట్రోలు మైలేజీ ఎక్కువిస్తుందని మనవాళ్ళు తెగ వాదించుకుంటారు కదా. ప్రభుత్వ కంపెనీలు మూడూ, అంటే ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హెచ్‌పీ, సరుకు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఏ ఊరికి ఎవరి రిఫైనరీ దగ్గరైతే అక్కడి నుంచే ఎత్తుకోవడం లాభం. కాబట్టి విశాఖలో మీరు పక్క కంపెనీ బంకులో పోయించినా అది మల్కాపురం దగ్గర మన రిఫైనరీలో తయారైన పెట్రోలే అయ్యుండొచ్చు. తేడా వచ్చేది బంకు దగ్గర, భూమిలో ఉన్న ట్యాంకులోకి నీళ్ళు దిగకుండా చూసుకున్నారా, కొలత సరిగ్గా ఉందా అన్నదగ్గర. హెచ్‌పీ అమ్మే ఖరీదైన పెట్రోలు పవర్ 95 గురించి కూడా అడుగుతుంటారు. మీ బండితో వచ్చిన పుస్తకంలో 95 ఆక్టేన్ వాడమని రాసి ఉంటే పోయించండి, మామూలు స్కూటర్‌కి ఆ అదనపు డబ్బు దండగ.

ఇక ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం, దానికి తగ్గట్టు తయారుకాని పాత బండ్లలో రబ్బరు భాగాల గురించి భయం కూడా ఉంది. ఇది హెచ్‌పీ ఒక్కటే తీసుకున్న నిర్ణయం కాదు, కేంద్రం విధానం. అయినా పంపు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఇందులో ఇంత కలిసింది అని రాసి పెట్టడానికి కంపెనీకి ఏం అడ్డం? కొనేవాడికి చెప్పి అమ్మాలి. ఇక్కడ మార్కులు కోస్తున్నాను.

ఇప్పుడు అసలు కథకి వస్తాను, ఎందుకంటే ఈ బంకు ఎలా పుట్టిందో తెలియకపోతే దీన్నుంచి ఏం ఆశించాలో కూడా తెలీదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో కిరసనాయిలు దగ్గర్నుంచి పెట్రోలు దాకా అమ్మేది విదేశీ కంపెనీలే. బర్మా షెల్, స్టాన్‌వ్యాక్ (అంటే స్టాండర్డ్ వాక్యూమ్), కాల్టెక్స్. శుద్ధి చేసిన సరుకు దిగుమతి చేసుకునేకంటే రిఫైనరీ ఇక్కడే కట్టించాలని నెహ్రూ ప్రభుత్వం 1951 నుంచి వాళ్ళతో ఒప్పందాలు చేసుకుంది. చేతిలో డబ్బూ లేదు, ఆ విద్యా తెలీదు, అందుకని షరతులు వాళ్ళవే నడిచాయి. పాతికేళ్ళ దాకా జాతీయం చేయబోమని మాటిచ్చాం, ముడిచమురు వాళ్ళ మాతృసంస్థల దగ్గరే వాళ్ళు చెప్పిన ధరకి తెచ్చుకోవడానికి ఒప్పుకున్నాం. ఆ లెక్కన 1952లో స్టాండర్డ్ వాక్యూమ్ రిఫైనింగ్ కంపెనీ బొంబాయిలో రిజిస్టరయింది, 1954లో ట్రాంబేలో రిఫైనరీ మొదలైంది. తర్వాత అదే ఎస్సో అయింది. నేటి హెచ్‌పీకి పుట్టిల్లు అదే.

మన విశాఖ రిఫైనరీ కాల్టెక్స్ కట్టింది, 1957లో మొదలైంది. 1933లో తెరిచిన పోర్టు ఉంది, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున లోపలి హార్బరు ఉంది, తూర్పు తీరంలో చమురు ఓడలకి ఇంతకంటే మంచి చోటు వాళ్ళకి దొరకలేదు. అప్పుడు దాని సామర్థ్యం ఏడాదికి 6 లక్షల 75 వేల టన్నులు. మా పెద్దవాళ్ళు చివరిదాకా దాన్ని కాల్టెక్స్ అనే అన్నారు, హెచ్‌పీ అన్న పేరు వాళ్ళ నోటికి రాలేదు.

1960లో జరిగింది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. రష్యా తక్కువ ధరకి ముడిచమురు ఇస్తానంది. అప్పటి చమురు మంత్రి కేశవదేవ్ మాలవీయ మీ రిఫైనరీల్లో దీన్ని శుద్ధి చేసిపెట్టండి అని ఈ మూడు కంపెనీలనీ అడిగారు. వాళ్ళు కుదరదన్నారు. మన నేల మీద, మన పోర్టుల్లో, మనం పన్ను రాయితీలిచ్చి కట్టించిన రిఫైనరీల్లో, మనం చౌకగా కొనగలిగిన చమురు పోయడానికి మనకే వీల్లేదన్నమాట. ఆ తర్వాత వాళ్ళు ధరలు కొంత తగ్గించారు, అది వేరే సంగతి. కానీ సొంత కంపెనీ లేకపోతే బేరం ఆడే నోరు కూడా ఉండదని ఢిల్లీకి బాగా అర్థమైంది. 1959లో పెట్టిన ఇండియన్ ఆయిల్‌ని అప్పట్నుంచే గట్టిగా ముందుకు నెట్టారు.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది, మూడు డాలర్ల దగ్గరున్న పీపా ముడిచమురు ధర 1974 జనవరికల్లా దాదాపు నాలుగు రెట్లయింది. ఆ ఏడాదే ఎస్సో చేతులు మారింది. ఎస్సో చట్టం కింద ఎస్సోనీ, ఇంజన్ ఆయిల్ లాంటి లూబ్రికెంట్ల కంపెనీ లూబ్ ఇండియానీ కలిపి 1974 జులై 15న హిందుస్థాన్ పెట్రోలియం పుట్టింది. మొదట ప్రభుత్వం 74 శాతమే తీసుకుంది, మిగిలింది 1976లో. బర్మా షెల్ కూడా అదే ఏడాది ప్రభుత్వం చేతికొచ్చి తర్వాత భారత్ పెట్రోలియం అయింది. 1976 చివర్లో కాల్టెక్స్‌ని తీసుకుని 1978లో హెచ్‌పీలో కలిపేశారు, అలా విశాఖ రిఫైనరీ మనదైంది. 1979లో కోసన్ గ్యాస్ అన్న వంటగ్యాస్ కంపెనీ కూడా వచ్చి చేరింది. తుపాకీ పేలలేదు, ఎవరినీ తరిమేయలేదు, చర్చలు జరిపి పరిహారం ఇచ్చి తీసుకున్నారు. ఇరాన్‌లో 1951లో చమురు జాతీయం చేస్తే రెండేళ్ళకి ప్రధానమంత్రి పదవే పోయింది. మన దగ్గర అంత గొడవ లేకుండా ఈ పని జరగడం చిన్న విషయం కాదు. దాని గురించి మన స్కూలు పుస్తకాల్లో నాలుగు ముక్కలైనా ఉండాలని నా కోరిక.

సొంతమయ్యాక ఏం చేశారు అన్నది అడగాలి కదా. విశాఖ రిఫైనరీ 6.75 లక్షల టన్నుల నుంచి 1980లలో 45 లక్షలకి, తర్వాత 75 లక్షలకి, 83 లక్షలకి పెరిగి, ఇప్పుడు కోటీ 50 లక్షల టన్నుల స్థాయికి వచ్చింది. ఈ విస్తరణ కోసం గుజరాత్‌లోని హజీరాలో తయారైన రియాక్టర్లు ఒక్కొక్కటి 2 వేల టన్నులకి పైగా బరువున్నవి, సముద్రం మీదే తెచ్చారు. ఇక్కడి నుంచి రాజమండ్రి, విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా 572 కిలోమీటర్ల పైపులైను ఉంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు పెట్రోలు ట్యాంకర్‌లో వస్తుందనుకుంటారు, కానీ అందులో చాలాభాగం మన దగ్గర్నుంచి భూమి లోపల పైపులో వెళ్ళి అక్కడ ట్యాంకర్లలోకి ఎక్కుతుంది. రోడ్ల మీద అన్ని ట్యాంకర్లు తగ్గినట్టే కదా. విశాఖలోనే కొండరాయి లోపల, సముద్రమట్టానికి కింద, 60 వేల టన్నుల వంటగ్యాస్ పట్టే గుహ తవ్వారు, ఫ్రాన్స్‌కి చెందిన టోటల్‌తో కలిసి, 2007లో మొదలైంది. చుట్టూ ఉన్న భూగర్భ జలం ఒత్తిడే గ్యాస్‌ని బయటికి రాకుండా పట్టి ఉంచుతుంది. మీ స్టవ్ మీద మండే మంట ఎన్ని చేతులు మారి వస్తుందో ఒకసారి ఆలోచించండి.

గ్యాస్ దగ్గరికి వచ్చాం కాబట్టి అదే చెప్తాను. మా అమ్మకి గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా కిరసనాయిలు స్టవ్వే, పంపు కొట్టి కొట్టి భుజం నొప్పి, ఆపైన ఆ వాసన. అప్పట్లో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఆగాలి, లేదా ఎంపీ కోటా కూపన్ కోసం ఎవరినో పట్టుకోవాలి. రెండో బండ ఉన్న ఇల్లంటే చాలా గొప్ప. నిజం చెప్పాలంటే ప్రభుత్వ కంపెనీల చరిత్రలో అది తలదించుకోవాల్సిన కాలం. సరుకు తక్కువ, ఇచ్చేవాడిదే రాజ్యం, బంకులూ ఏజెన్సీలూ పార్టీలవాళ్ళకే దక్కుతున్నాయన్న గోల. 2002లో వాజ్‌పేయి ప్రభుత్వమే వేల డీలర్‌షిప్పుల కేటాయింపులు రద్దు చేయాల్సి వచ్చింది. మారింది నెమ్మదిగా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చి డ్వాక్రా మహిళల ఇళ్ళలోకి గ్యాస్ బండ చేరింది, 2016లో ఉజ్వల వచ్చింది. ఈ పథకాల కింద లాభం రాని కొండ ఊళ్ళ దాకా బండ మోసుకెళ్ళింది ప్రభుత్వ కంపెనీల డీలర్లే. లాభం చూసుకునేవాడెవడూ పాడేరు పైన ఉన్న ఊళ్ళకి బండ తీసుకుపోడు.

ఇప్పుడు మాకు గ్యాస్ ఫోన్‌లో బుక్ చేస్తే వస్తుంది, బండ దించాక ఫోన్‌కి వచ్చిన కోడ్ చెప్పాలి. ఇందులో నాకు లోపమేం కనబడలేదు. కానీ మీరు చేయాల్సినవి మీరు చేయండి. సీలు చూడండి. డెలివరీ అతని దగ్గర వేలాడే కాటా ఉండాలి, తూకం వేయమనండి, బండ మీద రాసి ఉన్న ఖాళీ బరువుకి 14.2 కిలోలు కలిపితే వచ్చే అంకె అది. పైన పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు పెయింటుతో రాసి ఉంటాయి, బి-28 అని ఉందనుకోండి, 2028 ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆ బండని మళ్ళీ పరీక్షకి పంపాలని. ఎ అంటే జనవరి నుంచి మార్చి, సి జులై నుంచి సెప్టెంబరు, డి అంటే చివరి మూడు నెలలు. ఆ గడువు దాటిపోయిన బండ ఇస్తే తీసుకోకండి. మూత తీశాక వాల్వు లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో చూడండి, కాస్త నీళ్ళు పోసి బుడగలొస్తున్నాయేమో చూపించమనండి. బిల్లు మీద ఉన్నదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వక్కర్లేదు. మెట్లెక్కి మోసుకొచ్చిన మనిషికి సంతోషంగా ఏదైనా ఇస్తే అది మీ ఇష్టం, హక్కుగా అడిగితే మాత్రం కంప్లైంట్ పెట్టండి. వాసన వస్తే 1906కి ఫోన్ చేయండి, ఏ కంపెనీ గ్యాస్ అయినా అదే నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. లాక్‌డౌన్ రోజుల్లో వీధిలో మనుషుల అలికిడే లేనప్పుడు కూడా బండ వచ్చింది. మాస్కు కట్టుకుని మెట్లెక్కిన ఆ కుర్రాళ్ళకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఈ రివ్యూలో నేను చెప్తున్నాను, థాంక్స్ తమ్ముడూ.

హుద్‌హుద్ కూడా గుర్తు చేయాలి. 2014 అక్టోబరు 12న తుపాను విశాఖ మీదే తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్లన్నీ రోడ్ల మీద. బంకుల దగ్గర బాటిళ్ళు పట్టుకుని బారులు. మా ఊళ్ళో రిఫైనరీ ఉండి కూడా మాకు పెట్రోలు లేదు అని జనం తిట్టుకున్నారు, తప్పులేదు, కరెంటు లేని బంకులో పంపు తిరగదు, జనరేటరు ఉన్న బంకు ఏదో కనుక్కుని పరిగెత్తడమే పనైపోయింది. తుపాను ఊళ్ళలో ప్రతి బంకుకీ పనిచేసే జనరేటరు ఉందో లేదో ఏటా చూడాలి, ఇది రివ్యూలో నా గట్టి డిమాండ్.

ధరల విషయంలో కంపెనీని తిట్టేముందు ఒకటి తెలుసుకోండి. 2002 దాకా ధర ప్రభుత్వమే నిర్ణయించేది, ఆ తర్వాత కూడా పగ్గాలు దాని చేతిలోనే ఉన్నాయి. పెట్రోలుకి 2010లో, డీజిల్‌కి 2014లో స్వేచ్ఛ ఇచ్చామన్నారు. రోజూ ధర మార్చే పద్ధతిని 2017 మే 1న దేశంలో 5 ఊళ్ళలో ముందుగా పరీక్షించారు, అందులో మన విశాఖ ఒకటి, జూన్ 16 నుంచి దేశమంతా పెట్టారు. మరి అంత స్వేచ్ఛే ఉంటే, 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ముడిచమురు మండిపోతుంటే బంకులో ధర నెలల తరబడి ఎందుకు కదల్లేదు? ఆ ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లోనే హెచ్‌పీకి 10 వేల కోట్లు దాటిన నష్టం, మొత్తం 2022-23కి 8,974 కోట్ల నష్టం. తర్వాతి ఏడాది ముడిచమురు దిగింది, బంకులో ధర మాత్రం ఎన్నికల ముందు ఒక రెండు రూపాయలు తప్ప దిగలేదు, 14,694 కోట్ల లాభం. పెరిగినప్పుడు మనల్ని కాపాడారు, తగ్గినప్పుడు మన దగ్గర వసూలు చేసుకున్నారు. మొదటిదానికి కృతజ్ఞత ఉంది. రెండోది మనకి చెప్పి చేయాల్సింది. లీటరు ధరలో ముడిచమురు ఎంత, కేంద్రం పన్ను ఎంత, రాష్ట్రం వ్యాట్ ఎంత, డీలరు కమీషన్ ఎంత, కంపెనీకి మిగిలేది ఎంత, ఇది ప్రతి బంకులో బోర్డు మీద ఉండాలి. ఆంధ్రా, తెలంగాణ వ్యాట్ ఎంత ఎక్కువో అప్పుడు అందరికీ కనిపిస్తుంది.

సొంతదారుల సంగతి అన్నాను కదా. 2003లో ఈ కంపెనీని వ్యూహాత్మక భాగస్వామి పేరుతో ప్రైవేటుకి ఇచ్చేయబోతే సుప్రీంకోర్టు సెప్టెంబరు 16న ఆపేసింది. పార్లమెంటు చట్టంతో తీసుకున్నదాన్ని మళ్ళీ పార్లమెంటుకి వెళ్ళకుండా అమ్మడానికి వీల్లేదు అంది. నాకు ఆ తీర్పు అంటే గౌరవం. 2018 జనవరిలో మాత్రం ప్రభుత్వం తన 51.11 శాతం వాటాని, చమురు బావులు తవ్వే ప్రభుత్వ కంపెనీ ఓఎన్‌జీసీకి 36,915 కోట్లకి అమ్మింది. అంటే ప్రభుత్వ కంపెనీ అప్పు చేసి ఇంకో ప్రభుత్వ కంపెనీని కొంది, డబ్బు ఖజానాకి వెళ్ళి ఆ ఏడాది లోటు లెక్క సరిపోయింది. ఒక్క పైప్‌లైన్ రాలేదు, ఒక్క బంకు పెరగలేదు, ఓఎన్‌జీసీ చేతిలో బావులు తవ్వడానికి ఉండాల్సిన డబ్బు పోయింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఆ సంస్థ పని మన తీరానికి ఎంత ముఖ్యమో తెలిసినవాళ్ళకి ఇది ఇంకా మండుతుంది. యాజమాన్యం మారిన ఈ వ్యవహారానికి నేను వేసే మార్కు సున్నా.

మంచి ఒకటి చెప్పి కష్టమైనదానికి వెళ్తాను. 2014లో నిషి వాసుదేవ ఈ కంపెనీకి ఛైర్మన్ అయ్యారు. ప్రభుత్వ చమురు కంపెనీకి అధిపతి అయిన మొదటి మహిళ. మగవాళ్ళ కోటలా ఉండే ఈ రంగంలో ఆ మెట్టు ఎక్కడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక మల్కాపురం. 1997 సెప్టెంబరు 14, ఆదివారం తెల్లవారి. రిఫైనరీలో వంటగ్యాస్ లీకై, మబ్బులా పరుచుకుని, అంటుకుంది. గోళాల్లా ఉండే గ్యాస్ ట్యాంకులు పేలాయి, మంటలు పక్కనున్న ట్యాంకులకి పాకాయి, ఆర్పడానికి రెండు రోజులు పట్టింది. 60 మంది దాకా చనిపోయారు. మల్కాపురం, శ్రీహరిపురం నుంచి జనం పిల్లల్ని ఎత్తుకుని, ఎటు వెళ్ళాలో తెలీక, పరిగెత్తారు. అప్పటివాళ్ళని కదిపితే ఇప్పటికీ ముందు చెప్పేది శబ్దం గురించి, తర్వాత ఆకాశమంతా కమ్మిన నల్లపొగ గురించి. ఆ తర్వాత అయినా అంతా సరిపోయిందా అంటే, 2013 ఆగస్టు 23న కొత్తగా కడుతున్న కూలింగ్ టవర్ దగ్గర మంటలొచ్చి టవర్ కూలిపోయింది, 20 మందికి పైగా పోయారు, ఎక్కువమంది కాంట్రాక్టు కూలీలు. 2021 మే 25న ముడిచమురు శుద్ధి యూనిట్‌లో మళ్ళీ మంటలు, అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. సరిగ్గా ఏడాది ముందే, 2020 మేలో, ఇదే ఊళ్ళో వేరే కంపెనీ ప్లాంట్‌లో స్టైరీన్ గ్యాస్ లీకై ఆర్ఆర్ వెంకటాపురంలో జనం రోడ్ల మీద పడిపోయారు. అందుకే మా ఊళ్ళో సైరన్ మోగితే ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

రిఫైనరీ పెద్దదైంది, గోడకి ఇవతల ఇళ్ళూ పెరిగాయి. మార్కుల లెక్కలో బంకుకి నాలుగు నక్షత్రాలు, గ్యాస్‌కి నాలుగున్నర, ధరల గురించి చెప్పే పద్ధతికి రెండు. రిఫైనరీకి ఇంజనీరింగ్ వరకు అయిదుకి అయిదు ఇస్తాను, ఇంతమంది మనవాళ్ళు ఇంత పెద్ద పనిని నేర్చుకుని నడుపుతున్నందుకు నాకు గర్వంగా ఉంటుంది. గోడ పక్కన ఉండేవాళ్ళ విషయంలో మాత్రం నక్షత్రాలు ఇప్పుడే ఇవ్వను. మల్కాపురం, శ్రీహరిపురం, సింధియా ప్రాంతాల్లో ప్రతి వీధి చివరా తెలుగులో ఒక బోర్డు పెట్టాలి, ఏ సైరన్ మోగితే ఏమిటి అర్థం, గాలి ఎటు వీస్తుంటే ఎటు నడవాలి, ఎక్కడ చేరాలి. ఏడాదికి రెండుసార్లు స్కూలు పిల్లలతో సహా డ్రిల్ చేయించాలి, ఉద్యోగులతో మాత్రమే కాదు. ప్రమాదాల మీద వేసిన కమిటీల రిపోర్టులు, వాటిలో చెప్పినవి ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి, వెబ్‌సైట్‌లో తెలుగులో పెట్టాలి. కాంట్రాక్టు కార్మికుడికి పర్మినెంటు ఉద్యోగికి ఇచ్చే శిక్షణే ఇచ్చాకే లోపలికి పంపాలి. కంపెనీ ఏటా జరిపే వాటాదారుల మీటింగ్‌లో ఒక్క షేరు ఉన్నా ప్రశ్న అడిగే హక్కుంది, ఈ మధ్య ఆ మీటింగులు ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. నేను షేర్లు కొన్నాను, ఈసారి ఈ నాలుగూ రాసి పంపుతున్నాను. మల్కాపురం వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఇంకేం అడగాలో కింద రాయండి, అవి కూడా కలిపి పంపుతాను.